పేరు బదులు గీత

విశ్వవిద్యాలయం వెనక గేటుకు ఎదురుగా ఒక జిరాక్సు, బైండింగు షాపు ఉంది. అందులో లోపలి బల్ల దగ్గర కూర్చునే ఆవిడను అందరూ కామాలక్క అంటారు. పరిశోధక విద్యార్థులు పెట్టిన పేరు అది. థీసిస్ పట్టుకుని ఎవరొచ్చినా ఆవిడ ముందు వెనక నుంచి తిరగేస్తుంది. చివర రిఫరెన్సుల జాబితా దగ్గర ఆగి, "ఇక్కడ కామా ఏదీ? తినేశావా?" అంటుంది.

ఆ జాబితాలను ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతిలోకి మార్చడమే ఆవిడ పని. ఒక పత్రిక వాళ్ళు సంవత్సరం రచయిత పేరు పక్కనే ఉండాలంటారు. ఇంకొకళ్ళు దాన్ని లేపి చివర కూర్చోబెట్టమంటారు. ఒకరికి వ్యాసం పేరు కొటేషన్ గుర్తుల్లో కావాలి, ఇంకొకరికి ఆ గుర్తులు చూస్తేనే పడదు. "ఇదంతా కంప్యూటరే చేసేస్తుందిగా అక్కా" అని ఎవరైనా తెలివి చూపిస్తే, "చేస్తుంది నాయనా. నీకు పిల్లను కూడా చూస్తుంది. కళ్ళు మూసుకుని చేసుకుంటావా?" అని అడుగుతుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. కుర్చీకి ఒక కాలు పొట్టిదైతే కింద పాత అట్టముక్క మడిచి పెట్టుకుంది.

ఆ సోమవారం షాపు ఓనరు ఒక దొంతర తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు.

"అక్కా, వానపాముల మాస్టారి పుస్తకం. శుక్రవారం మధ్యాహ్నానికి ప్రెస్సుకి పోవాలి. మనల్ని నమ్మి ఇచ్చారు."

వానపాముల మాస్టారంటే తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. నలభై ఏళ్ళు మట్టిని, మట్టిలో పురుగుల్ని చదివి రిటైరైన ప్రొఫెసరు. చెట్టు ఎండిపోవడానికి చాలా ముందే దాని కింది వానపాములు అక్కణ్ణుంచి తరలిపోతాయని కనిపెట్టిన పెద్దమనిషి. ఇప్పుడు ఆయన జీవితమంతా చేసిన పనిని విశ్వవిద్యాలయం ఒకే పుస్తకంగా వేస్తోంది. చివర రిఫరెన్సులు మూడు వందల పన్నెండు.

కామాలక్క ప్రెస్సువాళ్ళ నియమాల కాగితం చదువుకుంది. పాత జాబితాలో రచయితలందరికీ ఇంటిపేరు, ఒక పొడి అక్షరం మాత్రమే ఉన్నాయి. కొత్త పద్ధతిలో పొడి అక్షరాలు పనికిరావు. పేరు పూర్తిగా రాయాలి, అదీ మొదట అచ్చయిన చోట ఎలా ఉందో అలాగే.

"అంటే పాత సంపుటాలన్నీ లైబ్రరీలో తీయించి చూడాలి" అంది.

"తెలిసినవి రాసెయ్ అక్కా, తెలియనివి చూడు."

ఆవిడ స్కేలు తీసి జాబితా మీద పెట్టి ఒక్కో వరుసే కిందికి జరుపుతూ చూసింది. మాస్టారి పేరు దగ్గర స్కేలు చాలాసేపు జరిగింది. ఒకే రచయితవి చాలా వరుసగా వస్తే పేరు మళ్ళీ మళ్ళీ రాయరు. మొదటిసారి పేరు, ఆ తర్వాత దాని బదులు పొడుగాటి గీత. మాస్టారి పేరు కింద అలాంటి గీతలు నలభై ఆరున్నాయి.

మంగళవారం పొద్దున్నే ఆవిడ లైబ్రరీకి వెళ్ళింది. కింది అంతస్తులో పాత పత్రికల గది. లైబ్రేరియన్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "మళ్ళీ వచ్చావా తల్లీ! నువ్వొస్తే నాకు తుమ్ములు" అంటూ బండి మీద సంపుటాలు తోసుకొచ్చాడు. కామాలక్క తెచ్చుకున్న చీటీల కట్ట విప్పింది. సంపుటి తీయడం, పేజీ వెతకడం, పేరు అక్షరం అక్షరం చీటీ మీదికి దింపడం, చీటీని జాబితాలో అంకెకు గుచ్చడం. ఇలా మధ్యాహ్నానికి యాభై దాకా అయ్యాయి. మాస్టారివి ఆవిడ అసలు చూడాల్సిన పని లేదు. ఆయన పూర్తి పేరు పుస్తకం అట్ట మీదే ఉంది. చేతిలో ఉన్న సంపుటిలోనే ఆయన వ్యాసం కూడా ఒకటుంది కనుక, పేజీ అంకె సరిచూద్దామని తిప్పింది.

వ్యాసం పేరు సరిగ్గానే ఉంది. దాని కింద ఇంటిపేరూ అదే. పేరులో మొదటి అక్షరమూ అదే. పేరు మాత్రం మాస్టారిది కాదు. ఆడమనిషి పేరు.

పొరపాటు సంపుటి తీశాననుకుంది. వెన్ను మీద అంకె చూసింది, సంవత్సరం చూసింది, పేజీలు లెక్కపెట్టింది. అన్నీ సరిపోయాయి. ఇంకొకటి అడిగి తెప్పించింది. మళ్ళీ అదే పేరు. మూడోది తిప్పేటప్పటికి వేళ్ళు చెమర్చి పేజీకి అంటుకుంటున్నాయి. లైబ్రేరియన్ మూసేసే వేళయిందని తాళాలు గలగలలాడించే సరికి మాస్టారివనుకున్న నలభై ఏడూ చూసేసింది. అందులో పదకొండు ఆయనవి కావు. వానపాములు చెట్టును వదిలి ముందే వెళ్ళిపోతాయన్న వ్యాసం ఆ పదకొండులోనే ఉంది.

"ఏంటమ్మా, దయ్యాన్ని చూసినట్టు అలా అయిపోయావు?" అన్నాడు లైబ్రేరియన్.

"ఈ పేరుగల ఆవిడ ఎవరండీ?"

ఆయన కళ్ళజోడు దింపుకుని చూశాడు. "నాకు తెలియదమ్మా. నేనొచ్చి ఏడేళ్ళే."

కామాలక్క షాపుకొచ్చి కుర్చీలో కూర్చుని పుస్తకం అసలు భాగం తీసింది. ఎప్పుడూ చదవదు. ఆవిడ పని చివరి పేజీలతోనే. ఇప్పుడు ఆ పదకొండు వ్యాసాల సంవత్సరాలు రాసుకుని, అవి ఎక్కడెక్కడ వచ్చాయో వెతికింది. ఎనభై ఎనిమిదో పేజీలో దొరికింది. "నేను ఇంతకుముందే కనుగొన్నట్టు" అని ఉంది. నూట నలభైలో "నా పరిశీలనల్లో తేలినట్టు" అని ఉంది. అలా మూడు చోట్ల. ఆవిడ కాగితం మీద చెయ్యి పెట్టి, ఎవరో చూస్తారన్నట్టు ఆ వాక్యాన్ని కాసేపు కప్పి ఉంచింది.

బుధవారం సందేహాల చీటీ రాసుకుని మాస్టారి ఇంటికి వెళ్ళింది. రెండో అంతస్తు. ముందు గది నిండా పుస్తకాలు, కిటికీ అంచున సీసాల వరుస. సీసాల్లో రంగు వెలిసిన వానపాములు దారప్పోగుల్లా తేలుతున్నాయి. మాస్టారు భూతద్దంతో ఏదో చదువుకుంటున్నారు. లేచి నిలబడి మరీ కుర్చీ చూపించారు.

"కూర్చోమ్మా. మా పిల్లలందరూ నీ గురించి చెప్తారు. నాలో కామాలు తక్కువున్నాయా?"

ఆవిడ నవ్వలేకపోయింది. చిన్న చిన్న సందేహాలు ముందడిగింది. ఆయన ఓపిగ్గా చెప్పారు. చివరికి చీటీ మడత విప్పింది.

"సార్, మీ ఇంటిపేరుతోనే ఇంకొకరున్నట్టున్నారు. మీ చెల్లెలుగారో, దగ్గరి చుట్టాలో... పొడి అక్షరం కూడా ఒకటే కావడంతో ఆవిడవి మీ వాటిలో కలిసిపోయాయి. పదకొండు." ఆ పేరు పైకి చదివింది. "ఈవిడ ఎవరో తెలిస్తే..."

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది. డెబ్బై దాటిన ఒక మనిషి చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. వేళ్ళ నిండా సబ్బు నురగ ఇంకా ఉంది.

"అది నేనేనమ్మా" అంది.

కామాలక్కకు తలుపు తీసి మంచినీళ్ళిచ్చింది ఈవిడే. ఏ చుట్టమో, ఎప్పుడో చనిపోయిన చెల్లెలో అనుకుంది గాని, అరగంటగా గోడ అవతల గిన్నెలు కడుగుతున్న మనిషి అనుకోలేదు. మాస్టారి భార్య ముఖం చూసింది. మాస్టారి ముఖం చూసింది. ఆయన భూతద్దాన్ని చొక్కా అంచుతో తుడుస్తున్నారు.

"మా పని ఒకటేనమ్మా" అన్నారాయన. "ఒకే ల్యాబు, ఒకే ఇల్లు. చివరికి పొడి అక్షరం కూడా ఒకటే. ఎవరో పిల్లలు జాబితా చేసేటప్పుడు అలా పడింది. అన్నీ ఒకచోట ఉంటే చదివేవాళ్ళకీ సుఖం. ఈవిడ ఉద్యోగం మానేసి ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ఆ పేరు పెడితే ఎవరని అడుగుతారు?"

"అచ్చులో ఎలా ఉంటే అలాగే రాయాలని ప్రెస్సువాళ్ళ నియమం సార్."

"నేను మాట్లాడతానులే."

కామాలక్క ఆవిడ వైపు తిరిగింది. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూసింది. ఆవిడ సీసాల వైపు చూస్తూ, "టీలో చక్కెర ఎంత వేయమంటావమ్మా?" అంది.

టీ తాగకుండానే వచ్చేసింది. సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విప్పకుండా వరండాలో కూర్చుండిపోయింది. అత్తగారు లోపలి నుంచి కర్ర తాటించుకుంటూ వచ్చి, "ఎవరు పోయారే?" అని అడిగింది. కామాలక్క జరిగింది చెప్పింది. అత్తగారు అంతా విని, ముక్కుపొడి పట్టు పట్టింది.

"ఆవిడే ఊరుకుంటే మధ్యలో నీకెందుకే దురద?"

"వంటింట్లో ఉంది అత్తయ్యా! ఆయన గోడకివతల కూర్చుని, నేను కనుగొన్నాను నేను కనుగొన్నాను అని రాసుకుంటుంటే, ఆవిడ అవతల గిన్నెలు తోముతోంది."

"నువ్వు మాత్రం? లే, గిన్నెలు నీ కోసమే కూర్చున్నాయి" అంది అత్తగారు. కానీ కాసేపటికి తనే వెళ్ళి తోమేసింది. ఎప్పుడూ చెయ్యని పని. ఎందుకని కామాలక్క అడగలేదు.

గురువారం షాపు తెరిచేసరికి ఓనరు ఆవిడ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందు కంప్యూటరులో మాస్టారి జాబితా.

"సార్ ఫోన్ చేశారక్కా. పొడి అక్షరం తీసేసి ఆయన పూర్తి పేరు పెట్టమన్నారు." మాట్లాడుతూనే రెండు మీటలు నొక్కాడు. తెర మధ్యలో చిన్న పెట్టె తెరుచుకుంది. మార్పు జరిగిందని చూపించి మూసుకుపోయింది. మొదటి వరుసలో మాస్టారి పూర్తి పేరు, దాని కింది గీతలన్నీ ఇక ఆయనవే.

కామాలక్క చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. కళ్ళు ఆర్పినంత సేపు కూడా పట్టలేదు.

"లే" అంది.

"ఏంటక్కా?"

"నా కుర్చీలోంచి లే."

ఆ గొంతు అతను పంతొమ్మిదేళ్ళలో వినలేదు. వాళ్ళ నాన్న షాపు నడిపేటప్పుడు, హోంవర్కు ఎగ్గొట్టి బల్ల కింద దాక్కున్నప్పుడు కూడా వినలేదు. లేచాడు. ఆవిడ కూర్చుని మార్పును వెనక్కి తిప్పింది. పూర్తి పేరు మాయమై పొడి అక్షరం తిరిగొచ్చింది.

"పొడి అక్షరంగా ఉన్నంతకాలం అది అబద్ధం కాదురా. ఎవరిదైనా కావచ్చు. ఇప్పుడు పూర్తి పేరు రాస్తే అబద్ధం. అది కూడా నా చేత్తో."

"పుస్తకం ఆయనదక్కా."

"పుస్తకం ఆయనదే. ఈ పదకొండూ కావు. నీకు అంతగా పట్టింపైతే నేను లేనప్పుడు చేసుకో. నేనున్నంతసేపు కుదరదు."

"రేపు మధ్యాహ్నానికి పంపాలి. నువ్విలా భీష్మించుకుని కూర్చుంటే నేనేం చెప్పను సార్‌కి?"

"నేను చెప్తాను" అని గుమ్మం దగ్గర ఒక గొంతు వినిపించింది.

మాస్టారి భార్య. ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేతిలో గుడ్డసంచి. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. ఓనరు ఆవిణ్ణి ఎప్పుడూ చూసినట్టు లేడు. కామాలక్క పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాకగాని ఎవరో అర్థం కాలేదతనికి. స్టూలు తుడిచి వేశాడు.

"నిన్న నువ్వు టీ తాగకుండా వెళ్ళావు. అది నన్ను కుదురుగా ఉండనివ్వలేదు" అందావిడ. "ఆ జాబితా చూపించమ్మా. నేనెప్పుడూ చూడలేదు."

కామాలక్క తెర ఆవిడ వైపు తిప్పింది. మాస్టారి పేరు, దాని కింద గీతలు. తన వ్యాసాలు ఎక్కడని ఆవిడ అడిగితే ఒక్కొక్కటే వేలితో చూపించింది. ఆవిడ తెరకు దగ్గరగా వంగి ఆ గీతల్ని తాకుతూ లెక్కపెట్టింది.

"అయితే నేను గీతనన్నమాట" అని కొంచెం నవ్వింది. "పోనీలే. ఆయన అడిగారు, నేనే సరేనన్నాను. ఎప్పటి మాటో."

"పుస్తకం లోపల చదివారామ్మా?"

"లేదు. కళ్ళు ఆనవు."

కామాలక్క ఎనభై ఎనిమిదో పేజీ ప్రింటు తీసి చేతికిచ్చింది. ఆవిడ కాగితం కిటికీ వైపు పట్టుకుని చదివింది. "నేను ఇంతకుముందే కనుగొన్నట్టు" దగ్గర ఆగింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. స్టూలు అంచు పట్టుకుంది.

"ఇలా రాశారా?" అంది. "జాబితాలో ఉంటే ఉండనీ అన్నాను. నేను అని రాశారా?"

ఓనరు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ తీసుకోలేదు. బయట బైండింగు మిషను ఎవరిదో థీసిస్‌ను దడదడా కోస్తోంది.

"నా పేరు పెట్టు" అందావిడ, అది ఆగాక.

కామాలక్క పేరు టైపు చేసింది. "ఇక్కడ దీర్ఘం ఉండాలి" అని ఆవిడ సరిదిద్దింది. పదకొండు చోట్ల పెట్టాక జాబితాను అక్షర క్రమంలో అమర్చే మీట నొక్కింది. మాస్టారి గీతల మధ్య ఇరుక్కున్న పదకొండూ ఒక్కసారిగా లేచి వెళ్ళి పైన వేరే వరుసగా నిలబడ్డాయి. మొదటి దానికి ఆవిడ పేరు. కింద పది గీతలు, అవీ ఆవిడవే.

ఆవిడ ఒక్కో వ్యాసం పేరు పెదవులతో చదువుకుంటూ దిగింది. ఏడో దాని దగ్గర ఆగింది. చెట్ల కింది వానపాముల వ్యాసం. అందరూ మాస్టారిని పొగిడే వ్యాసం.

"ఇది నాది కాదు" అంది.

కామాలక్క ఉలిక్కిపడింది. "నేను చూశానమ్మా, మీ పేరే ఉంది."

"పేరు నాదే." ఆవిడ గుడ్డసంచి ఒళ్ళోకి తీసుకుంది. పాత వ్యాసాల విడి ప్రతులు, పసుపుపచ్చబడినవి, ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టింది. అట్టడుగున ఒక నోటుపుస్తకం ఉంది. అట్ట మీద మట్టి మరక. లోపల పేజీ పేజీకీ చెట్ల అంకెలు, వాటి ఎదుట నెలవారీగా ఎన్నేసి మట్టి కుప్పలున్నాయో లెక్కలు. వానపాములు పైకి తోసే సన్నటి మట్టి కుప్పలు. ఆరేళ్ళ లెక్క. గుండ్రంగా, పొందికైన రాత.

"మా ల్యాబు ఉన్న సంస్థ తోటలో ఒక మాలీ ఉండేవాడు. ఒకరోజు పచ్చగా ఉన్న చెట్టు చూపించి, ఇది పోతుందమ్మా అన్నాడు. ఎలా తెలుసంటే, కింద పురుగులు ఖాళీ చేశాయి అన్నాడు. నేను నవ్వాను. రెండు నెలలకు అది ఎండిపోయింది. అప్పుడీ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. దీన్ని చూసి లెక్కలు కట్టి వ్యాసం రాశాను. మాలీ పేరు కూడా వేస్తే పత్రికవాళ్ళు పక్కన పడేస్తారేమోనని భయపడ్డాను. కృతజ్ఞతల్లోనైనా వేద్దామనుకున్నాను. అదీ వేయలేదు."

కామాలక్కకు నిన్నటి నుంచి గుండెలో ఎవరి కోసం మండుతోందో ఆవిడే ఈవిడ. ఓనరు గ్లాసు బల్ల మీద పెట్టి నెమ్మదిగా అవతలికి వెళ్ళాడు.

"ఆయన నాకు చేసింది నేను ముందే ఒకడికి చేసి ఉన్నానమ్మా. అందుకే నాకు నోరు పెగల్లేదు" అంది మాస్టారి భార్య. "ఇక్కడ అతని పేరు చేర్చు."

"చేర్చకూడదమ్మా. అచ్చులో మీ పేరొకటే ఉంది. అచ్చులో ఉన్నదే రాయాలి." ఏ నియమం పట్టుకుని పొద్దున్నుంచీ పోట్లాడిందో అదే ఇప్పుడు కామాలక్కకు అడ్డుపడింది. నియమాల కాగితం తీసి వెతికింది. చివరి పేజీలో, ఎవరూ అడగని చోట, దొరికింది. "అచ్చుకాని చేతిరాత పుస్తకానికి వేరే పద్ధతి ఉంది. విడిగా ఒక వరుస వేయొచ్చు. పేరు, నోటుపుస్తకం, చేతిరాత, ఏ సంవత్సరాలవి, ఎవరి దగ్గర ఉంది. ఎనభై ఎనిమిదో పేజీలో దీన్ని కూడా చూపించొచ్చు." మూడు వందల పదమూడు అని అంకె వేసింది. "చెప్పండి. పేరు?"

మాస్టారి భార్య నోరు తెరిచింది. మూసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మాలీ అనే పిలిచేవాళ్ళం" అంది, వేళ్ళ సందుల్లోంచి.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ సంస్థ తోటకు వెళ్ళారు. ఇప్పటి తోటమాలి గొట్టం పక్కన పడేసి, పాత మాలీ బతికే ఉన్నాడనీ, వెనక రెండు వీధుల అవతల కూతురి దగ్గర ఉంటాడనీ చెప్పాడు. పేరు అతనికీ తెలియదు. "పెద్దాయన అంటామమ్మా" అన్నాడు. అప్పటికే ఆవిడ కాళ్ళు నిలవడం లేదు. మర్నాడు పొద్దున్నే వెళ్దామనుకున్నారు.

శుక్రవారం ఎనిమిదింటికి బస్టాపులో కలుసుకున్నారు. మాస్టారి భార్య సంచిలోంచి మూడు కాగితాలు తీసి కామాలక్కకు ఇచ్చింది. పుస్తకంలోని మూడు పేజీలు. "నేను", "నా" అన్న చోటల్లా కొట్టేసి పైన "నా భార్య" అని ఒక చోట, మిగతా రెండు చోట్ల ఆవిడ పేరు ఉంది. మాస్టారి రాత. కలం గట్టిగా నొక్కడంతో ఒకచోట కాగితం చిరిగింది. కింద సంతకం.

"అన్నం దగ్గర చెప్పాను. ముందు నవ్వారు. ముప్పై ఏళ్ళుగా లేని పేచీ ఇప్పుడేంటన్నారు. మాలీ సంగతి చెప్పాక మాట్లాడలేదు. పొద్దున్న లేచేసరికి ఇవి బల్ల మీదున్నాయి. ఆయన నడకకు వెళ్ళిపోయారు." ఆవిడ బస్సు వచ్చే వైపు చూసింది. "నా ముఖం చూడలేకనో, నన్ను చూస్తే కోపమొచ్చో. ఇంటికెళ్ళాకగాని తెలియదు."

సన్నటి వీధిలో కింది వాటా. తలుపు తీసిన కూతురు సంస్థ పేరు వినగానే కంగారుపడి, "నాన్నా, సంస్థవాళ్ళు" అని కేక వేసింది. లోపల మంచం మీది ముసలాయన లేచి కూర్చుని, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. మాస్టారి భార్యను గుర్తుపట్టి రెండు చేతులూ జోడించాడు.

"నీ పూర్తి పేరు కావాలి" అందావిడ.

ముసలాయన జోడించిన చేతులు దించాడు. కూతురి వైపు చూశాడు.

"పేరెందుకమ్మా? ఏం తప్పు జరిగింది? నేను మానేసి ఇరవై రెండేళ్ళయింది. పనిముట్లన్నీ లెక్కపెట్టి అప్పజెప్పాను."

"తప్పు నాదయ్యా. నీది కాదు." ఆవిడ గుమ్మం బయట మెట్టు మీదే కూర్చుండిపోయింది. నోటుపుస్తకం తీసి, తను చేసింది అడ్డదారులు లేకుండా చెప్పింది. ఎవరి పేరు వేసిందో, ఎవరి పేరు వేయలేదో, అది తర్వాత ఎవరిదయిందో. చెప్పడం అయ్యాక, "క్షమించు" అంది. ముసలాయనకు ఏం చెయ్యాలో తోచక, ఆవిడకన్నా పై మెట్టు మీద ఉన్నానని గమనించి కిందికి దిగి నేల మీద కూర్చున్నాడు.

"మాట నిజమైతే చాలమ్మా. ఎవరంటే ఏముంది?" అన్నాడు. కానీ కామాలక్క కాగితం, కలం తీయగానే సర్దుకు కూర్చుని పేరు చెప్పాడు. తండ్రి పెట్టిన పేరు మొత్తం. నెమ్మదిగా, ఎక్కడ తెంచాలో కూడా చెప్తూ. తండ్రి పేరు ఇంత పొడుగని కూతురికి కూడా అప్పుడే తెలిసినట్టుంది. గోడకు చేరగిలబడి వింటోంది.

కామాలక్క రాసింది. పేరు. కామా. నోటుపుస్తకం, చేతిరాత. సంవత్సరాలు. చదివి వినిపించింది.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"చేతిరాత అన్నావు కదమ్మా. అది నాది కాదు. నాకు రాయడం రాదు."

మాస్టారి భార్య చేతిలో నోటుపుస్తకం మోకాళ్ళ మీదికి జారింది.

"నేను పగలు చూసి గుర్తుపెట్టుకునేవాణ్ణి. ఇన్నో నంబరు చెట్టు కింద ఇన్ని అని. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ రాసేది. పురుగులు ఖాళీ చేస్తున్నాయని మొదట పట్టింది కూడా తనే. ఆ లెక్కలు పక్కపక్కన చూసింది తను కదా. నాకేం తెలుసు? చెట్టు పోతుందని మీకు వెళ్ళి చెప్పమని పంపింది." ఆయన నోటుపుస్తకం వైపు చెయ్యి చాపి, అడగనా వద్దా అన్నట్టు ఆపేశాడు. మాస్టారి భార్య దాన్ని ఆ చేతిలో పెట్టింది. ఆయన మధ్యలో ఎక్కడో తెరిచి, చదవలేని ఆ గుండ్రటి అక్షరాల మీద బొటనవేలు పెట్టుకున్నాడు. "తను పోయి తొమ్మిదేళ్ళు."

కూతురు నోట్లో కొంగు కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. తల్లి చేతిరాతను ఆవిడ కూడా ఇన్నేళ్ళ తర్వాత అప్పుడే చూస్తోందని కామాలక్కకు తర్వాతగాని తట్టలేదు.

"ఆవిడ పేరు?" అని అడిగింది.

ముసలాయన తడుముకోలేదు. భార్య పేరు తన పేరుకన్నా స్పష్టంగా చెప్పాడు. కామాలక్క ఆయన పేరు తర్వాత కామా పెట్టి దాన్ని రాసి, మళ్ళీ మొత్తం చదివి వినిపించింది.

"ముందు ఎవరిది వచ్చిందమ్మా?"

"మీదండీ."

"అలాకాదు. రాసింది తను."

కామాలక్క కలం తిప్పి పట్టుకుంది. మొదటి పేరు కింద నుంచి రెండో పేరు మీదుగా, స్థానాలు మార్చమని ప్రెస్సువాళ్ళకు చెప్పే వంకీ గీత ఒకటి గీసింది. మార్చాక ఎలా ఉంటుందో ఇంకోసారి పైకి చదివింది. ముసలాయన విని తల ఊపాడు.